మా ఇంటి ఓటీజీ: ఎనిమిది నెలలు, పద్నాలుగు పాస్తాలు

ఐదుకి మూడున్నర. మార్కులు ముందే చెప్పేశాను కాబట్టి ఇక నిదానంగా మాట్లాడుకుందాం.

ఓటీజీ అంటే అవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ ఒకే పెట్టెలో, పైనా కిందా వేడెక్కే రాడ్లతో. కంపెనీ పేరు రాయను. 28 లీటర్లు, 1600 వాట్లు, మూడు నాబులు, గాజు తలుపు. ఏప్రిల్ చివర్లో ఆన్‌లైన్‌లో 6,900 పెట్టి కొన్నాను. ఈ ధరలో దొరికేవాటి డొక్క విప్పి చూస్తే అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి, పేరుతో పెద్ద పని లేదు. ఉండేది ఏలూరు. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. వంట నా శాఖ కాదు, మా ఆవిడ శాఖలో డిప్యూటేషన్ మీద ఉన్నానంతే.

కొనడానికి కారణం మా మనవరాలు. తొమ్మిదేళ్ళు, హైదరాబాద్‌లో చదువుతోంది. అక్కడేదో హోటల్లో బేక్డ్ పాస్తా తిన్నదట. వేసవి సెలవులకి బయల్దేరే ముందు ఫోన్లో ఆర్డర్ వేసింది. "తాతయ్యా, పైన చీజ్ మాడినట్టు ఉండాలి. కానీ మాడకూడదు. స్పూన్ పెట్టి లాగితే తీగ రావాలి." ఇంత స్పష్టమైన స్పెసిఫికేషన్ మా డిపోకి హెడ్డాఫీసు నుంచి కూడా ఎప్పుడూ రాలేదు.

పెట్టె విప్పగానే మొదటి చికాకు వైరు. మీటరు పొడవు కూడా లేదు. దానికి తోడు 16 ఆంపియర్ల లావు ప్లగ్గు. మా వంటింట్లో ఉన్నవన్నీ మిక్సీ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్లే, పవర్ ప్లగ్ పాయింటు ఒకటే ఉంటే దాన్ని ఫ్రిజ్ ఆక్రమించింది. 1600 వాట్లంటే ఏడు ఆంపియర్లు లాగుతుంది. బజార్లో లావు ప్లగ్గుని సన్న సాకెట్లో దూర్చే కన్వర్టర్ ముక్కలు అమ్ముతారు, యాభై రూపాయలు. దయచేసి వాటి జోలికి పోకండి. అరగంట నడిస్తే సాకెట్ నల్లబడి, ప్లాస్టిక్ కమురు వాసన వస్తుంది. ఇలాంటివి కాలిపోయిన ఇళ్ళు చూసినవాణ్ణి. బోర్డు నుంచి వేరే వైరు లాగి, కొత్త 16 ఆంపియర్ల పాయింటు వేసుకున్నాను. నాకు తెలిసిన పని కాబట్టి సామాను ఖర్చుతో పోయింది. మీరు ఎలక్ట్రీషియన్ని పిలవాలంటే ఆ ఖర్చు కూడా ఓటీజీ ధరలోనే కలుపుకోండి. అమ్మేవాళ్ళు ఈ మాట చెప్పరు.

మొదటి పాస్తా సంగతి. పిల్ల ఇంకా రాలేదు, ట్రయల్ రన్. పుస్తకంలో 200 డిగ్రీలు, 20 నిమిషాలు అని ఉంది. సరిగ్గా అలాగే పెట్టాం. ఇరవై నిమిషాల తర్వాత తీస్తే చీజ్ కరిగింది గానీ ముఖం పాలిపోయి, జ్వరం వచ్చి లేచిన మనిషిలా ఉంది. ఇంకో పది నిమిషాలు పెట్టాం. రంగు రాలేదు సరికదా, కింద సాస్ మొత్తం ఇంకిపోయి గొట్టాలు గొట్టాలుగా విడిపోయింది. మా ఆవిడ రుచి చూసి, "ఏమండీ, ఇది ఎండిపోయిన ఉప్మా" అంది.

తప్పు పాస్తాదా, మిషన్‌దా? నాకు అనుమానం వస్తే మీటరు పెట్టి చూడందే నిద్ర పట్టదు. అవెన్ లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ 350 రూపాయలకి తెప్పించాను. డయల్ 200 మీద పెట్టి, పావుగంట ఆగి, గాజులోంచి చూస్తే ముల్లు 165 దగ్గర ఉంది. కాసేపటికి 180కి ఎక్కింది, మళ్ళీ 160కి దిగింది. దీని థర్మోస్టాట్ రెండు లోహాల పట్టీ. వేడికి వంగి కరెంటు కట్ చేస్తుంది, చల్లారితే మళ్ళీ కలుపుతుంది. ఆ పట్టీ ఉన్నది పక్కన నాబుల గోడ దగ్గర, మీ గిన్నె ఉన్నది మధ్యలో. దానికి తెలిసింది దాని వేడి. కాబట్టి కాస్త ఊగడం సహజమే, దాన్ని తప్పు పట్టను. సగటున 30 డిగ్రీలు అబద్ధం చెప్పడం మాత్రం తప్పే. ఏ స్థానంలో పెడితే లోపల నిజంగా 200 వస్తుందో రెండు మూడుసార్లు చూసి, అక్కడ మనవరాలి గులాబీ రంగు నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను. అది డయల్ మీద 230. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అంకెలు చూడరు, చుక్క చూస్తారు.

ఇంకోటి. వెనక కుడి మూల మిగతా చోట్ల కన్నా వేడి ఎక్కువ. ఇది కనిపెట్టడానికి థర్మామీటర్ అక్కర్లేదు, రొట్టె ముక్కలు ట్రే నిండా పరిచి ఐదు నిమిషాలు పెడితే ఏవి ముందు ఎర్రబడతాయో అవే చెబుతాయి. అందుకని సగం టైమయ్యాక గిన్నెని వెనక్కి ముందుకి తిప్పి పెడతాం.

థర్మోస్టాట్ దారికొచ్చాక కూడా రెండో పాస్తా బాగా రాలేదని ఒప్పుకోవాలి. అది మా తప్పు. పాస్తాని సేమ్యాలాగా మెత్తగా ఉడికించేశాం. అసలు సంగతి ఏమిటంటే ఈ వంటలో అవెన్ చేసేది చాలా తక్కువ. వండేదంతా పొయ్యి మీదే. అవెన్ పని అన్నీ ఒకటయ్యేలా కాగనిచ్చి, పైన రంగు తేవడమే. ఇది అర్థమయ్యాక నా కోపం సగం తగ్గింది.

ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది. పాస్తా పావుకిలో, పెన్నే అనే గొట్టాల రకం. ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదివి డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినదే తీసుకోండి, మైదా కలిసినవి అవెన్‌లో పిండై పోతాయి. రెండున్నర లీటర్ల నీళ్ళు తెర్లుతుండగా ఉప్పు వేసి, అందులో పాస్తా. ప్యాకెట్ మీద 11 నిమిషాలని ఉంటే 8 నిమిషాలకే దించేస్తాం. కొరికితే మధ్యలో సన్నగా తెల్లటి చుక్క కనిపించాలి. మిగిలిన ఉడుకు అవెన్‌లో అవుతుంది. వార్చిన గంజి పారబోయకండి, ఓ గ్లాసుడు పక్కన పెట్టుకోండి.

తెల్ల సాస్ దగ్గర నేను రెండుసార్లు ఉండలు కట్టించాను. వెన్న 40 గ్రాములు, మైదా 40 గ్రాములు సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించడం వరకూ బాగానే వస్తుంది. పాలు పోయగానే గోళీలు. మూడోసారి మా ఆవిడ నన్ను పక్కకి జరగమంది. "మజ్జిగ పులుసులో శనగపిండి ఎలా కలుపుతాం? ఒకేసారి కుమ్మరిస్తామా?" అని, ముందు గరిటెడు పాలు పోసి ముద్దలా మెదిపింది, తర్వాత ఇంకో గరిటెడు, ఆ తర్వాత మిగతావి ధారగా. మొత్తం 700 మిల్లీలీటర్లు. ఒక్క ఉండ లేదు. నలభై ఏళ్ళుగా మజ్జిగ పులుసు తింటున్నాను గానీ ఈ ముక్క నాకు తట్టలేదు. మావి గేదె పాలు కాబట్టి సాస్ తొందరగా చిక్కబడుతుంది, అప్పుడు ఆ దాచిన గంజి పనికొస్తుంది. గరిటె వెనక పల్చగా అంటుకుని జారిపోయేలా ఉండాలి. "ఇంత పల్చగానా" అనిపించాలి. అవెన్‌లో పాస్తా ఆ పాలన్నీ తాగేస్తుంది. మిరియాల పొడి, జాజికాయ అరగదీసిన పొడి చిటికెడు. జాజికాయ ఎక్కువైతే పాయసం వాసన వస్తుంది, జాగ్రత్త. వేయించిన ఉల్లిపాయ, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు మీ ఇష్టం. మా ఆవిడ తన వైపు మూలలో వెల్లుల్లి కారం చల్లుకుంటుంది, ఆ మూలకి పిల్ల రాదు.

ఇక చీజ్. దీని మీద నేను పెట్టిన ఖర్చుతో ఇంకో ఓటీజీ సగం వచ్చేది. ఒకసారి పనీర్ తురిమాం, అదీ చీజే కదా అని. పనీర్ కరగదు. నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచిన పాలు కాబట్టి ఎంత కాల్చినా పొడిపొడిగానే ఉండిపోతుంది. తర్వాత చిల్లర కొట్లో దొరికే క్యూబులు, ఒక్కోటి 25 గ్రాములు. సాస్‌లో వేస్తే నునుపుగా కలిసిపోయాయి, నూనె తేలలేదు, రుచి వచ్చింది. పైన తురిమితే మాత్రం మీగడ కట్టినట్టు ఎర్రటి పొర వస్తుంది గానీ తీగ రాదు. ప్రాసెస్డ్ చీజ్ అంటే ఫ్యాక్టరీలో ఒకసారి కరిగించి, నూనె విడిపోకుండా లవణాలు కలిపి పోత పోసింది. నునుపుగా కరగడమే దాని పని, సాగడం కాదు.

సాగేది మోజరెల్లా. దాన్ని చేసేటప్పుడే విరుగుని వేడినీళ్ళలో వేసి లాగి, మడిచి, మళ్ళీ లాగుతారు. తీర్థంలో జీళ్ళ కొట్టువాడు బెల్లంపాకాన్ని మేకుకి తగిలించి లాగడం చూశారుగా, ఇంచుమించు ఆ వ్యవహారమే. ఆ లాగుడు వల్ల లోపల పోగులు పోగులుగా తయారవుతుంది. వేడి తగిలితే ఆ పోగులే తీగలు. కానీ మొత్తం మోజరెల్లానే వేస్తే చప్పగా ఉంటుంది, చల్లారితే రబ్బరు. అందుకని చివరికి తేలిన లెక్క, సాస్‌లోకి రెండు క్యూబులు, పైన 120 గ్రాముల మోజరెల్లా దిమ్మ ఇంట్లోనే తురిమి. ముందే తురిమి సంచుల్లో అమ్మేది తీసుకుంటే సరిగ్గా కరగదు. ముక్కలు అంటుకోకుండా పిండి పట్టించి ఉంటుంది, ఆ పిండే అడ్డం. శాకాహారులకో మాట. పార్మజాన్ అని ఇటలీ నుంచి వచ్చే ఖరీదైన చీజ్ ఒకటుంది, అసలు పద్ధతిలో అయితే దూడ పొట్టలోంచి తీసిన తోడుతో చేస్తారు. ఆకుపచ్చ చుక్క చూసి కొనండి.

మిషన్‌తో ఇచ్చిన ట్రే లోతు లేదు. ఒకసారి సాస్ పొంగి కింది రాడ్డు మీద పడి, ఇల్లంతా పొగ. కేకులు చేసుకునే ఎనిమిదంగుళాల చదరం అల్యూమినియం గిన్నె కొన్నాం, అది సరిగ్గా సరిపోతుంది. గాజు గిన్నె వాడేవాళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా వేడి అవెన్‌లో పెట్టకండి, పగులుతుంది. గులాబీ చుక్క మీద పది నిమిషాలు ఖాళీగా వేడెక్కనిచ్చి, మధ్య అరలో 18 నిమిషాలు. తర్వాత నాబు పై రాడ్డు ఒక్కటే వెలిగేలా తిప్పి, గిన్నెని పై అరలోకి మార్చి మూడు నాలుగు నిమిషాలు. ఈ మూడు నాలుగు నిమిషాలు టీవీ చూడకూడదు, ఫోన్ ఎత్తకూడదు. మాడినట్టు ఉండడానికీ మాడడానికీ మధ్య అర నిమిషమే తేడా. తీశాక పది నిమిషాలు ఆగి వడ్డిస్తే సాస్ కుదురుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ ఆగడమే కష్టం.

కరెంటు ఎంత అవుతుందని చాలామంది అడుగుతున్నారు. మీటరు దగ్గర నిలబడి చూశాను. వేడెక్కించడంతో సహా ఒక పాస్తాకి ముప్పావు యూనిట్ లోపే. భయపడాల్సిందేమీ లేదు. మే నెలలో వంటిల్లు మాత్రం బాయిలర్ గది అవుతుంది. బయటి రేకు కూడా ముట్టుకోలేనంత కాలుతుంది, గోడకి నాలుగంగుళాలు వదిలి పెట్టండి.

ఇప్పుడు ఆ ఒకటిన్నర నక్షత్రం ఎక్కడ పోయిందో చెబుతాను.

మే చివరి వారంలో, పిల్ల సెలవులు ఇంకా పదిహేను రోజులుండగా, పై రాడ్డు వెలగడం మానేసింది. కొని సరిగ్గా నెల. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబరు ఇచ్చి, 48 గంటల్లో మనిషి వస్తాడన్నారు. రాలేదు. మళ్ళీ చేస్తే, "మీ ఏరియాకి టెక్నీషియన్ని కేటాయిస్తున్నాం సార్" అన్నారు. ఆ కేటాయింపు పదకొండు రోజులు సాగింది. ఆ పదకొండు రోజులూ నేను పడ్డ బాధ ఎవరికి చెప్పుకోను? లోపల ఏం పోయిందో నాకు తెలుసు. రాడ్డు చివర వైరు బిగించే లగ్గు వదులై కాలిపోయి ఉంటుంది. డిపోలో అలాంటివి రోజుకి పది బిగించేవాణ్ణి. కానీ వెనక మూత మీద కాగితం సీలు అంటించారు, అది చిరిగితే వారంటీ ఉండదట. చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఆ కాగితం ముక్కకి దణ్ణం పెడుతూ కూర్చున్నాను.

పిల్ల ఊరుకుంటుందా? "తాతయ్యా, మిషన్ బాగయిందా" అని పొద్దునా సాయంత్రం. అప్పుడు మా ఆవిడ అంది కదా, "దిబ్బ రొట్టెకి మా అమ్మ ఏ మిషన్ వాడింది?"

మా గోదావరి వైపు తెలియనివాళ్ళకి చెబుతున్నాను. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మూకుడులో రెండు మూడంగుళాల మందాన పోసి, కింద సన్న సెగ, మూత మీద నిప్పులు పోసి కాలుస్తారు. పైనా కిందా ఎర్రగా కరకరలాడుతుంది, మధ్యలో దూదిలా ఉంటుంది. ఆలోచిస్తే ఓటీజీ చేసేదీ అదే. కింద ఒక రాడ్డు, పైన ఒక రాడ్డు.

బొగ్గులకి మా వీధి చివర ఇస్త్రీ బండి అతని దగ్గరికి వెళ్ళాను. "ఇస్త్రీ పెట్టెకా బాబాయ్ గారూ" అని అడిగాడు. పాస్తాకి అంటే అర్థం కాక ఓ డబ్బాడు ఊరికే ఇచ్చాడు. పెరట్లో కుంపటి దులిపి వెలిగించాం. బరువైన ఇనుప మూకుడు లోపల వెన్న రాసి, సాస్‌లో కలిపిన పాస్తా మూడొంతులు నింపి, పైన మోజరెల్లా చల్లి, ఇనుప మూత పెట్టాం. కింద నాలుగు బొగ్గులు, మూత మీద గుప్పెడు. ఎక్కువ నిప్పు పైనే ఉండాలంది మా ఆవిడ. టైమర్ లేదు, డిగ్రీలు లేవు. ఆమె ముక్కు పెట్టుకుని కూర్చుంది. పది నిమిషాలకి వెన్న వాసన. పదమూడో నిమిషానికి, కాల్చిన జొన్నపొత్తుకి నెయ్యి రాస్తే వస్తుందే, అలాంటి కమ్మటి వాసన. "తియ్యండి" అంది.

పట్టకారుతో మూత ఎత్తాను. అంచుల వెంట సాస్ బుడగలు కక్కుతోంది. పైన చీజ్ అక్కడక్కడా ఉబ్బి, ఉబ్బిన చోటల్లా దిబ్బ రొట్టె అడుగు రంగు, మధ్య మధ్య తెల్లగా. ఓటీజీలో నాకు ఎన్నడూ ఆ మచ్చలు రాలేదు. పిల్ల స్పూన్ గుచ్చి ఎత్తింది. తీగ సాగుతూ వచ్చింది. స్టూలెక్కింది, ఇంకా తెగలేదు. అమ్మమ్మ కత్తెర తెస్తానంది.

తిని, కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "హోటల్‌దాని కన్నా బాగుంది తాతయ్యా. కానీ కొంచెం ఇస్త్రీ చొక్కా వాసన వస్తోంది."

ఇటలీలో ఈ వంటని పాస్తా అల్ ఫోర్నో అంటారు, ఫోర్నో అంటే అవెన్. మేం చేసింది పాస్తా అల్ కుంపటి. ఎవరైనా చేస్తానంటే పెరట్లోనో డాబా మీదో చెయ్యండి, తలుపులు మూసిన వంటింట్లో బొగ్గులు వెలిగించకండి. రోజూ చేసే పనీ కాదు. కుంపటి రాజేసి, బూడిద ఎత్తి, మూకుడు తోమేసరికి నడుం పోయింది. ఓటీజీకి ఇచ్చిన మూడున్నరలో ఒక మార్కు కేవలం ఆ తోముడు లేనందుకే. కాబట్టి కొనాలా వద్దా అంటే, నెలకి రెండుసార్లైనా వాడేవాళ్ళు, థర్మామీటర్ పెట్టి డయల్‌ని దారికి తెచ్చుకునే ఓపిక ఉన్నవాళ్ళు కొనండి. లేకపోతే మా పక్కింట్లోలాగా అది పెనాలు దాచుకునే బీరువా అవుతుంది.

పన్నెండో రోజు టెక్నీషియన్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, బండి మీద భీమవరం నుంచి వచ్చాడట, చొక్కా తడిసి ముద్దయింది. మజ్జిగ ఇచ్చాం. సీలు తీసి చూస్తే లగ్గే, కాలి నల్లబడి ఉంది. "వోల్టేజ్ ప్రాబ్లమ్ సార్" అన్నాడు. వోల్టేజ్ కాదు బాబూ, ఫ్యాక్టరీలో సరిగ్గా బిగించలేదు, చూడు అని చూపించాను. చూసి నవ్వాడు. నేనే పట్టుకుంటే అతను కొత్త లగ్గు వేసి బిగించాడు, ఐదు నిమిషాల పని. ఆ రాడ్డు ఇప్పటిదాకా మళ్ళీ మొరాయించలేదు. వెళ్తూ ఓటీపీ అడిగి, "రేటింగ్ కాల్ వస్తుంది సార్, ఐదు చెప్పండి, నాలుగు చెప్తే నాకు ఇన్సెంటివ్ కట్ చేస్తారు" అన్నాడు. కాల్ వచ్చింది. కుర్రాడికి ఐదు చెప్పాను. మిషన్‌కి ఎంత అని వాళ్ళు అడగలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.